ఏట్లో పార్టీ లేదన్న మా అత్త

ప్రొద్దుటూరు మార్కెట్లో టమోటాలు ఏరుకుంటుంటే తమ్ముడు ఊరినుంచి ఫోన్ చేశాడు. "అన్నా, అత్త ఏట్లో మునిగి చచ్చిపాయ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "పొద్దున్నే ఏంది నీ ఎగతాళి? మన ఏట్లో మునిగేంత నీళ్ళు యాడుండాయిరా?" అని కసిరాను. అవతల వాడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. అత్తను సాగనంపి వచ్చాక కూడా నాకు నమ్మకం కుదరడం లేదు.

ఆమె మా నాయనకు అక్క. జమ్మలమడుగు దగ్గర పెన్నకు ఈ గట్టున మా ఊరు, ఆ గట్టున ఆమె మెట్టినూరు. నడుమ ఇసుకే. గొర్రెలు తోలుకుంటూనో, కొంగులో చెనిక్కాయలు కట్టుకునో ఆమె తమ్ముణ్ణి చూడటానికి నడిచి వచ్చేది. బ్రిడ్జి కడతామని ఒక పార్టీ ఒక రాయి, ఇంకో పార్టీ ఇంకో రాయి పాతి వెళ్ళాయి. "మంచిదే పోప్పా, గుడ్డలుతుక్కునేదానికి రెండు బండలు దొరికినాయి" అని నవ్వేది అత్త.

ఫ్యాక్షన్ రోజుల్లో మా ఊరిదొక పార్టీ, వాళ్ళ ఊరిదొక పార్టీ. నేను కాలేజీలో చదువుతున్నాను. ఎండాకాలం రెండు ఊళ్ళకూ ఏట్లో చెలమే దిక్కు. ఇసుక తోడి గుంత చేస్తే నీళ్ళు ఊరేవి. అత్త కొబ్బరిచిప్పతో మొదటి నీళ్ళు తోడి పక్కకు పారబోసేది. ఎవరు తొందరపడినా వినేది కాదు. "తేటపడనీ. యాడికి పోతాండావు అంత బిరీన?" అనేది. పోయేటప్పుడు గొర్రెలు తొక్కకుండా చెలమ మీద కంప కప్పాల్సిందే. కప్పకుండా పోతుంటే నన్ను చెవి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. "నీ దప్పి తీరితే సరిపాయనా? ఎనక వచ్చేటోడు బురద తాగల్లా?"

ఒకరోజు మా ఊరి మనిషి బాంబుల సంచితోనే నీళ్ళకు దిగాడు. అప్పటికే ఆ గట్టు మనిషి అక్కడున్నాడు. నేను బిందె వదిలేసి లేచి నిలబడ్డాను. అత్త మాత్రం లేవకుండా, "ఆ సంచి గట్టుమీద పెట్టిరాప్పా. ఏట్లో పార్టీ ల్యా" అంది. ఆ మనిషి గొణుక్కుంటూ వెళ్ళి పెట్టి వచ్చాడు. ఒకే చిప్పతో ఇద్దరికీ నీళ్ళు పోసింది. ఆమె నోటికి ఇద్దరూ జంకేవాళ్ళు, నాకు తెలుసు.

ఆమె మాటే నెగ్గింది, కానీ ఆమె అనుకున్నట్టు కాదు. బాంబులు ఆగిపోయాయి. ఒకరి వీధిలో ఒకరు కాలుపెట్టని ఆ రెండు పార్టీలవాళ్ళూ ఇప్పుడు వంతులేసుకుని అదే ఏట్లో లారీలకు ఇసుక నింపుతున్నారు. దేశం పెరిగిపోతోందని టీవీలో చెబుతుంటారు. పెరగనీ, ఎవరు వద్దన్నారు? నేనిప్పుడుంటున్న ప్రొద్దుటూరులో లేచే ప్రతి మేడా, పులివెందుల దాకా పడే ప్రతి సిమెంటు రోడ్డూ ఎక్కడో ఒక ఏటిని గుంత చేసే లేస్తోంది. చెలమ లేకుండా పోయింది. బోర్లు ఎండిపోయాయి.

మొన్న పైన వానలు పడి ఏరు పారింది. పారిందంటే చీలమండల దాకా, ఎర్రటి నీళ్ళు. మావాళ్ళు అలాంటి నీళ్ళను లెక్కచేయరు, తమ గట్టునున్న వేపచెట్టు నుంచి అవతలి రాతిగుండుకు గురిపెట్టి నేరుగా నడిచేస్తారు. అత్త కొడుకు, మా బావ, వద్దన్నాడట. "ఏరు నాకు కొత్తనా?" అని దిగిందట. ముందు వారమే ఇసుక తోడే ప్రొక్లెయిన్లు ఆ దారిలో రెండు నిలువుల లోతు తవ్వి పోయాయి. పైన పారే నీళ్ళకు గుంత కనపడలేదు. ఏనాడూ మోకాలు తడవని ఏట్లో మనిషి మునిగిపోవడమేమిటి? ఎవరిని అడగాలి?

మాలో ఆడకూతురు పోతే కడసారి స్నానానికి మొదటి నీళ్ళు పుట్టింటివాళ్ళు పోయాలి, అవి ఏటి నీళ్ళే కావాలి. తెల్లారేసరికి ఏటి పారకం ఆగిపోయి ఆ గుంతలోనే నీళ్ళు మిగిలాయి. "ఆ గుంత నీళ్ళు మా యమ్మ మీద పోయొద్దు" అన్నాడు బావ. పార తీసుకుని పాత చెలమ చోట తవ్వాడు. జిగటమన్ను వచ్చింది, తర్వాత బండ తగిలింది. ఖంగుమన్న ఆ చప్పుడు గట్టుమీదున్న మా అందరికీ వినిపించింది. చివరికి జమ్మలమడుగు నుంచి ఆటోలో క్యాన్ల నీళ్ళు తెప్పించారు.

క్యాను మూత తీసి బకెట్లోకి వంచారు. మా నాయన అత్త కొబ్బరిచిప్ప తీసుకుని ముంచాడు. అవి మిషన్లో వడగట్టిన నీళ్ళు, అడుగుదాకా తేటగా ఉన్నాయి. అయినా నాయన ఆ మొదటి చిప్పెడు నీళ్ళు పక్కకు పారబోసి, బకెట్టు వైపు చూస్తూ కాసేపు ఆగాడు.