ఎజెల్ వాయించనన్న కుక్కల పాట

మౌత్ ఆర్గాన్ వాయిస్తానని చెప్పిన మనిషిని మిసిసిపి గడ్డ మీద ఎవడూ ఊరికే వదలడు. గిటారు వాయిస్తానంటే ‘ఏదీ, ఓ పాట అందుకో’ అంటారు. పియానో అంటే కుర్చీ లాగి వేస్తారు. మౌత్ ఆర్గాన్ అంటే మాత్రం ముందొక నవ్వు నవ్వుతారు. ‘అదీ ఒక వాయిద్యమేనా, మా చంటోడి దగ్గర కూడా ఉంది’ అంటారు. ఆ ముచ్చట తీరాక ‘సర్లే, రైలు వాయించు’ అంటారు. రైలయ్యాక కుక్కలు. వేటకుక్కలు నక్క వెంట పడటం, వాసన పోగొట్టుకోవటం, మళ్ళీ పట్టటం, చివరికి నక్కను చీల్చెయ్యటం, ఇదంతా ఆ ఇత్తడి రేకుల పెట్టెలోంచి వినపడాలి. కుక్కల పాట రానివాడు వాయించేవాడే కాదని మా వాళ్ళ తీర్మానం.

ఎజెల్ టాగర్ట్ రైలు వాయించేవాడు. అబ్బ, ఏం వాయించేవాడు! స్టేషన్లో ఆగిన రైలు కదిలి వంతెనెక్కేదాకా విన్నవాళ్ళ కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. కుక్కల పాట మాత్రం ఎంత అడిగినా వాయించేవాడు కాదు.

వాళ్ళమ్మ లూడీ చర్చిలో ముందు బల్ల మీద కూర్చునే మనిషి. కొడుకు మొదటిసారి “అమ్మా, నాకు వాయించడం వచ్చింది” అని చెప్పిననాడు ఆవిడ ఆ మౌత్ ఆర్గాన్ లాక్కుని పొయ్యిలో పడేసింది. “నోరిచ్చింది దేవుణ్ణి తలుచుకోడానికిరా, సైతాన్ని ఊదడానిక్కాదు” అంది. ఎజెల్ నిప్పుల్లో చెయ్యి పెట్టి తీసుకున్నాడు. అరచెయ్యి కాలింది, చెక్క అంచు మాడింది, రేకులు బాగానే ఉన్నాయి. తరవాత కొన్నాళ్ళు ఒక పిల్ల వెంట తిరిగాడు. అది “పొద్దస్తమానం దాన్ని ముద్దెట్టుకునే నోటితో నన్ను ముద్దెట్టుకోకు బాబూ” అని చక్కా పోయింది. ఇలాంటివన్నీ ఎజెల్ నవ్వుతూ చెప్పేవాడు. కుక్కల పాట దగ్గరికొస్తే మాత్రం వాడి మొహం మారిపోయేది.

రంపపు మిల్లు క్యాంపులో గ్రాడీ అనే దుంగలు మోసేవాడికి ఆ మొహం చదవడం చేతకాలేదు.

“ఏరా, కుక్కలు రావా నీకు?”

“రావు.”

“కుక్కలు రానోడివి అదెందుకురా నోట్లో? పాలపీకా?”

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. గ్రాడీ అంతటితో ఊరుకోవచ్చుగా! వంగి, నాలుక బయట పెట్టి, కుక్కలా మొరుగుతూ ఎజెల్ చుట్టూ తిరిగాడు. మూడో చుట్టు పూర్తి కాలేదు. ఎజెల్ చేతికందిన కర్రదుంగతో వాడి దవడ పగలగొట్టాడు. గ్రాడీ నెత్తురు కక్కుతూనే బూటులోంచి మంగలికత్తి లాగి ఎజెల్ భుజం ఎముక దాకా కోశాడు. ఇద్దర్నీ విడదీయడానికి ఐదుగురు పట్టారు.

క్యాంపులో వంట చేసే ఆర్జూలా పత్తిసంచులు కుట్టే దారంతో ఆ భుజం కుట్టింది. కుట్టినంతసేపూ తిట్టింది.

“ఒక పాట అడిగినందుకు మనిషిని చంపుతావట్రా నువ్వు?”

“ఆ పాట అడక్కూడదక్కా.”

“ఏం, దానికేమైనా కొమ్ములున్నాయా?”

అప్పుడు చెప్పాడు. అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు.

వాడికి పధ్నాలుగేళ్ళప్పుడు అన్న లోంజో జిల్లా ఖైదీల పొలంలో ఉన్నాడు. ఏదో దొంగ కేసు, మా నల్లవాళ్ళకి నిజం కేసు ఎప్పుడు పెట్టారు గనక. ఒక శనివారం మధ్యాహ్నం ఎజెల్ దుకాణం అరుగు మీద తెల్లవాళ్ళకి కుక్కల పాట వాయిస్తున్నాడు. మధ్యలో పత్తిచేల అవతల నుంచి నిజం కుక్కలు బదులిచ్చాయి. ఎజెల్ ఒకసారి మొరిగిస్తే అవి రెండుసార్లు మొరిగాయి. అరుగు మీదున్నవాళ్ళు చప్పట్లు చరిచారు, ఇంకా వాయించమన్నారు. ఎజెల్ పొంగిపోయి ఇంకా వాయించాడు. ఆ కుక్కలు తరుముతున్నది లోంజోని. పొలం నుంచి పారిపోయి ఇంటి దారి పట్టాడు పిచ్చోడు. సాయంత్రానికి బండిలో తెచ్చి అమ్మ ముందు దించారు. గొంతు లేదు. ఒక చెయ్యి లేదు.

“మా అన్న అరిచే ఉంటాడక్కా. నా వాయింపులో నాకే వినపళ్ళేదు” అన్నాడు ఎజెల్. ఆర్జూలా దారం కొరికి కన్నీళ్ళు తుడుచుకుంది.

ఆ మిల్లు మూతపడ్డాక ఇద్దరూ నది కరకట్ట పోసే క్యాంపుకి చేరారు. ఆర్జూలాకి వంట డేరా, ఎజెల్‌కి నీళ్ళబండి ఇచ్చారు. కంచరగాడిదతో మడుగుకెళ్ళి పీపాలు నింపుకొచ్చి, మట్టి లాగే మనుషులకీ జంతువులకీ పోయడం వాడి పని. క్యాంపుకి యజమాని కెప్టెన్ డౌడ్. ఏ సైన్యంలోనూ పని చెయ్యలేదు, కరకట్టల మీద దొరల్ని అలాగే పిలుస్తారు. నడుముకి పిస్తోలు, చేతిలో కొరడా, డేరా వెనక ఆరు వేటకుక్కలు. ఆ కుక్కల్ని చూసుకోడానికి స్టోక్స్ అనే తెల్లవాడు ఉండేవాడు. వాడు పెళ్ళాం పేరు మరిచిపోతానేమో గానీ ప్రతి కుక్క గొంతూ చీకట్లో కూడా గుర్తుపడతానని ప్రగల్భాలు పలికేవాడు.

“మందలో డచెస్ అని నా ఆడకుక్కుంది చూశారూ, అది వాసన పట్టి గొంతెత్తిందంటే మిగతా ఐదూ ముక్కు పని మానేసి దాని గొంతు దగ్గరికే ఉరుకుతాయి. నేను కూడా అంతే” అనేవాడు. నీళ్ళు పోస్తూ ఎజెల్ ఈ మాట యాభైసార్లు విన్నాడు.

డౌడ్‌కి కుక్కల పాటంటే ప్రాణం. నీళ్ళబండివాడు మౌత్ ఆర్గాన్ వాయిస్తాడని తెలిసిన రోజునే పిలిపించాడు.

“కుక్కలు వాయించరా.”

“రైలయితే వాయిస్తా దొరా. కుక్కలు నాకు రావు.”

డౌడ్ పిస్తోలు తీసి ఎజెల్ కాళ్ళ మధ్య రెండు గుళ్ళు పేల్చాడు. మట్టి లేచి మోకాళ్ళ దాకా పడింది. “ఇప్పుడొచ్చాయా?”

“రాలేదు దొరా. నేర్చుకుంటా.”

“నేర్చుకో. ఎప్పటికైనా నీచేత వాయించకపోతే నా పేరు డౌడే కాదు.” అప్పట్నుంచి ఏడాది పాటు, కనపడినప్పుడల్లా అదే ప్రశ్న, ఎజెల్‌ది అదే జవాబు. ఒక్కోసారి కొరడా కూడా తగిలేది. వీపు వాచినా వాయించలేదు వాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఎజెల్ మడుగు దగ్గర పీపాలు ముంచుతుంటే తుప్పల్లోంచి హొసియా బ్లంట్ వచ్చి పడ్డాడు. గాడిదల జతని తోలేవాడు, నెమ్మదస్తుడు. వీపు మీద చొక్కా పీలికలైంది, పీలికల కింద తోలు కూడా అలాగే ఉంది.

“ఏమైందిరా?”

“గాడిద గోతిలో పడి కాలు విరగ్గొట్టుకుంది. కెప్టెన్ నన్ను గొలుసుతో కొట్టాడు. కొడితే కొట్టాడు, ఆపడేం అన్నా! కాడికొయ్య తీసి ఒక్కటిచ్చాను. చెయ్యి విరిగింది.”

“ఎవరి చెయ్యి?”

“కెప్టెన్‌ది.”

“చచ్చావు కదరా నాయనా!”

“నదిదాకా పోగలిగితే రేవులో మా మేనమామ పడవుంది. దాటితే అవతల ఆర్కాన్సా రాష్ట్రం, వీళ్ళు రాలేరు.”

ఆ రేవు పడమట మైలు పైన ఉంటుంది. కరకట్ట వైపు నుంచి కుక్కల్ని విప్పిన చప్పుడు అప్పటికే వస్తోంది. ఆ చప్పుడు వినగానే హొసియా బురదలో కూలబడి ఏడ్చాడు. ఎజెల్ వాడి జుట్టు పట్టి పైకి లేపాడు.

“ఏడవకు. మడుగులో దిగు, ఇది రేవుదాకా సాగుతుంది. మెడలోతు నీళ్ళలోనే పడమటికి నడు, గట్టెక్కకు. ఏం వినపడినా వెనక్కి చూడకు, విన్నావా? ఏం వినపడినా!”

హొసియా దిగాడు. ఎజెల్ బండి వదిలేసి తూర్పుకి పరుగెత్తాడు. రెల్లుపొదల మధ్య ఒక మెరక ఉంది, అక్కడ నిలబడి జేబులోంచి మౌత్ ఆర్గాన్ తీశాడు. కుక్కలు మడుగు గట్టుకొచ్చి, వాసన నీళ్ళలో తెగిపోయి, తుప్పల్లో చెదిరి అటూ ఇటూ తిరుగుతున్నట్టు వాటి మూలుగుల్ని బట్టి తెలుస్తోంది. చేతులు మూసి వాయిస్తే కుక్క దూరాన ఉన్నట్టుంటుంది, తెరిస్తే దగ్గరకొస్తుంది. పద్దెనిమిదేళ్ళ తరవాత ఎజెల్ రెండు చేతులూ బార్లా తెరిచి, కింది రేకుల్లోంచి గాలి లోపలికి పీల్చి, డచెస్ గొంతుతో ఊళ పెట్టాడు.

మడుగు దగ్గర ఒక్క క్షణం అన్నీ నోళ్ళు మూసుకున్నాయి. ఆ తరవాత స్టోక్స్ కేక వినపడింది. “డచెస్సే! తూర్పున పట్టింది దొరా! పదండి, పదండి!”

ఆరు కుక్కలూ రెల్లు చీల్చుకుంటూ వచ్చాయి. ఎజెల్ వాయిస్తూనే ఉన్నాడు. ముందొచ్చింది పిక్క పట్టుకుంది, రెండోది మోచెయ్యి. కింద పడేశాయి. మెడా నోరూ మౌత్ ఆర్గానూ ఎడమచేత్తో కప్పుకుని బోర్లా ముడుచుకున్నాడు. తొడలో మాంసం ఊడి రావడం తెలిసింది. కొరడా చప్పుడయింది, స్టోక్స్ ఒక్కొక్క కుక్కనీ గొలుసు పట్టి లాగాడు.

డౌడ్ గుర్రం మీదున్నాడు. విరిగిన చెయ్యి మెడకి కట్టుకున్నాడు, మొహం సున్నం కొట్టినట్టుంది.

“నువ్వా! ఇక్కడేం చేస్తున్నావురా?”

ఎజెల్ లేచి కూర్చున్నాడు. పాంటులోంచి నెత్తురు కారుతోంది. “మీరు కుక్కలు వాయించమంటున్నారు కదా దొరా, ఏడాదిగా. పదిమందిలో పరువు పోతుందని ఇక్కడ నేర్చుకుంటున్నా.”

డౌడ్ తలతిప్పి స్టోక్స్ వంక చూశాడు. అంత నొప్పిలోనూ పగలబడి నవ్వాడు. “చీకట్లో గుర్తుపడతానన్నావు కదయ్యా! పట్టపగలు రేకుడబ్బాని విని డచెస్ అనుకున్నావే!”

స్టోక్స్ మొహం ఎర్రబడింది. “అబద్ధం దొరా. అది నా డచెస్ గొంతే. రేకుల్లోంచి అలా రాదు, ఎవడి వల్లా కాదు. ఏదీ, వాయించమనండి చూద్దాం!”

“వాయించరా” అన్నాడు డౌడ్.

ఎజెల్ పెదాల మీద మట్టి తుడుచుకుని మొదలుపెట్టాడు. తెల్లవారుజామున కుక్కల్ని విప్పడం దగ్గర నుంచి మొదలుపెట్టాడు, ఎందుకంటే అక్కణ్ణుంచైతే పాట పొడుగు. తల్లికుక్క, పిల్లకుక్క, బద్ధకపు ముసలికుక్క, ఒక్కొక్కదాన్నీ విడివిడిగా పిలిచాడు. నక్కని వాగు దాటించాడు. వాసన పోగొట్టాడు, వెతికించాడు, మళ్ళీ పోగొట్టాడు. గొలుసుల్లో ఉన్న ఆరు కుక్కలూ మెడలెత్తి గొంతు కలిపాయి. స్టోక్స్ నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. డౌడ్ గుర్రం మీద కళ్ళు మూసుకుని, రికాబులో కాలు ఆడిస్తూ, “ఆఁ, ఇప్పుడు చేను దాటింది... ఆఁ, కంచె దగ్గరుంది” అనుకుంటున్నాడు. ఎజెల్ ఆపలేదు. తొడ మంటకి కళ్ళు బైర్లు కమ్ముతున్నా ఊపిరి కూడదీసుకుని, నదివైపు నడిచే హొసియాది ఒక్కొక్క అడుగూ మనసులో లెక్కపెట్టుకుంటూ నక్కని అడవంతా తిప్పాడు. లోంజో గొంతు ఆ పాటలో ఇప్పుడు వాడికి వినపడింది. ఏడుస్తూనే వాయించాడు.

నక్క దొరకలేదు. కుక్కలు అలిసిపోయి ఒక్కొక్కటే ఇంటిదారి పట్టాయి. పాట ఆగింది.

“చంపడమేదిరా?” అన్నాడు డౌడ్ కళ్ళు తెరిచి. “చివర్లో నక్క చావాలి కదా!”

“ఈ నక్క తప్పించుకుంది దొరా.”

డౌడ్ ఎండ వంక చూశాడు. రెల్లు నీడలు పొడుగ్గా సాగి ఉన్నాయి. నదివైపు చూశాడు. నవ్వు ఎటు పోయిందో పోయింది. గుర్రం దిగి వచ్చి పిస్తోలు తిరగేసి పిడితో ఎజెల్ నోటి మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పెదవి చీలి ముందు పళ్ళు నాలుక మీద రాలాయి. మూడోసారి కొడితే వాడు వెల్లకిలా పడ్డాడు.

“ఇప్పుడు వాయించరా! వాయించు, చూస్తాను!”

ఎజెల్ బురదలో చెయ్యి తడిమి మౌత్ ఆర్గాన్ వెతుక్కున్నాడు. నెత్తుటి నోటికి పెట్టుకుని ఊదాడు. పళ్ళులేని ఆ ఊపిరికి వంకర టింకరగా, బొంగురుగా ఒక ఊళ వచ్చింది. ఆరు కుక్కలూ మళ్ళీ మెడలెత్తి బదులిచ్చాయి. డౌడ్ పిస్తోలు సరిగ్గా పట్టుకుని వాడి నుదుటికి గురిపెట్టాడు. స్టోక్స్ ఆ చెయ్యి పక్కకి తోశాడు.

“వద్దు దొరా” అన్నాడు, డౌడ్ వంక చూడకుండా. “వాణ్ణి చంపితే నా డచెస్ గొంతు ఇంకొకడికి రాదు.”

అప్పటికి హొసియా ఎక్కిన పడవ నది సగం దాటింది.