విజిల్ లేని వేపుడు

ఇన్నేళ్లలో మా బంధువుల్లో ఒక్కరంటే ఒక్కరు నన్ను అడగలేదు. పెళ్లిళ్లలో, బారసాలల్లో, చివరికి చావు భోజనాల దగ్గర కూడా నా వేపుడు కథ చెప్పుకుని పొట్ట పట్టుకుని నవ్వుతారు గానీ, ఆ వండినవాడు ఇక్కడే గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు కదా, వాడి మాట కూడా విందాం అన్న మర్యాద ఎవరికీ లేదు. కథ చెప్పేది ఎప్పుడూ మా బావే. "మా బావమరిది కొట్లో లారీలకేసే రబ్బరు బుష్షులు అమ్ముతాడు కదండీ, అవే తెచ్చి వేయించి పెట్టాడు" అని మొదలుపెడతాడు. ఒకసారి మా చిన్నాన్న కూతురి పెళ్లిలో వడ్డిస్తూ, "అసలు జరిగిందేంటంటే" అని నేను నోరు తెరిచాను. "ముందు సాంబారు పొయ్యరా, ఆరిపోతంది" అన్నారు. పోశాను. పోశాను గానీ మరిచిపోలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. కాగితమైతే మధ్యలో సాంబారు అడగదు.

ఆ రోజుల్లో బెజవాడలో పెళ్లికాని కుర్రాడికి గది అద్దెకివ్వడమంటే పిల్లనిచ్చినంత విచారణ జరిగేది. ముందు ఊరు అడిగేవారు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ఆదివారం పూట ఎటు వెళతావని. (ఉద్యోగం సంగతి ఆఖరున గుర్తొచ్చేది, ఒక్కోసారి అదీ గుర్తొచ్చేది కాదు.) నేను ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లో కౌంటరు మీద ఉండేవాణ్ణి. ఎన్నో గుమ్మాలు తిరిగాక బందరు కాలువ పక్క సందులో ఒక మేడ మీద గది దొరికింది. కింది వాటాలో ఇంటావిడ ఉండేది. నేను ఆవిణ్ణి పిన్నిగారూ అనేవాణ్ణి. ఆవిడ నన్ను చివరిదాకా "ఏవయ్యా పైగది" అనే పిలిచింది. చేరిన రోజే షరతు చెప్పింది. "కోడి వండుకో, చేప వండుకో, వేటమాంసం వండుకో, మేవూ తింటాం, తప్పులేదు. ఆ పెద్దది మాత్రం నా ఇంట్లో పొయ్యెక్కకూడదు." నేను తలూపాను. ఊపకపోతే మళ్లీ ఇంకో గుమ్మం.

ఆవిడ మోకాళ్ల నొప్పుల మనిషి, మెట్లెక్కలేదు. కానీ మెట్ల కింద కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆవిడ వినేది. ఏమిటి వినేదంటారా? కుక్కరు విజిళ్లు. పప్పు ఎన్ని కూతలకు ఉడుకుతుందో, మేకపోతు ఎన్నింటికి లొంగుతుందో ఆవిడకు నోటికి వచ్చు. ఆ లెక్క దాటి ఇంకో కూత వినబడిందంటే లోపల ఉన్నది పెద్ద మాంసమేనని ఆవిడ తీర్మానం. నాకు ముందు ఆ గదిలో ఉన్న కుర్రాణ్ణి అలాగే పంపేసిందట. పాపం, అతను వండింది ముదురు శనగలని ఎదురింటివాళ్లు నాకు చెప్పారు. నేను ఆ గదిలో ఉన్నన్నాళ్లూ కుక్కరు దగ్గర ఊపిరి బిగబట్టుకుని నిలబడేవాణ్ణి. ఒక కూత ఎక్కువయ్యేలా ఉంటే పరుగున వెళ్లి పొయ్యి కట్టేసేవాణ్ణి. సగం ఉడికిన కందిపప్పు తిన్న రోజులు నాకింకా గుర్తే. ఆవిడకు గుర్తుండకపోవచ్చు.

మా ఇళ్లలో అలా కాదు. మైలవరం దగ్గర మా ఊళ్లో, మా పేటలో, ఆదివారం ప్రార్థన నుంచి రాగానే ఇంటింటా కుక్కర్లు కూసేవి. పందెం వేసుకున్నట్టు కూసేవి. అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్క. గోంగూరలో పెద్ద మాంసం వేసి అక్క వండితే, అన్నం కలిపిన చేతిని రెండో రోజు కూడా వాసన చూసుకునేవాళ్లం. నేను బెజవాడ వస్తుంటే ఒక స్టీలు డబ్బా కొని, మూత మీద "చిన్నోడు" అని చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఇచ్చింది. నాకు అసలు పేరుంది, పదో తరగతి సర్టిఫికెట్టు మీద కూడా ఉంది, అది కొట్టించవచ్చు కదా అని అప్పుడే అభ్యంతరం చెప్పాను. "ఆ పేరుతో నిన్నెవడు పిలిచాడురా?" అంది.

తర్వాత అక్కకు పెద్ద జబ్బు చేసింది. బావ దాన్ని బస్సులో బెజవాడ ఆస్పత్రికి తీసుకొచ్చేవాడు. ఇంజక్షన్లు అయ్యాక నా గదికి వచ్చి, కాసేపు నడుం వాల్చి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవారు. ఒకసారి అలా పడుకుని ఉండి, "ఒరేయ్ చిన్నోడా, జావ తాగీ తాగీ నా నోరు అది నోరన్న సంగతే మర్చిపోయిందిరా. ఈసారి వచ్చేసరికి కాస్త పెద్ద మాంసం వండి పెట్టు" అంది. "డాక్టరుగారు మెత్తటివే పెట్టమన్నాడే" అన్నాడు బావ. "ఆయనే మెత్తగా ఉన్నాడు, ఆయన్నే తింటాలే" అంది అక్క. అంత జబ్బులోనూ దానికి నోరు ఒక్కటీ తగ్గలేదు. తల మీద స్కార్ఫు సర్దుకుంటూ మళ్లీ నావైపు తిరిగి, "రుచి ఎటూ తెలవట్లేదురా. పళ్లకన్నా పని దొరుకుద్ది" అంది.

నేనెలా కాదంటాను? కానీ కుక్కరు పెడితే గది పోతుంది. పెట్టకపోతే మాంసం ఉడకదు. ఆ వారమంతా కొట్లో బుష్షులు లెక్కపెడుతూ ఇదే ఆలోచన. అప్పుడు నా ఫోన్లో ఒక వీడియో కనిపించింది. ఏ దేశపావిడో తెలియదు, నవ్వుతూ మాంసం కోసి, రంగురంగుల కూరగాయలతో బాణలిలో ఎగరేసి, పది నిమిషాల్లో పళ్లెంలో పెట్టేసింది. కుక్కరు లేదు, కూత లేదు. దేవుడే ఆవిణ్ణి నా ఫోన్లోకి పంపాడనుకున్నాను.

అక్క వచ్చే రోజు కొట్టుకు సెలవు పెట్టి, వన్‌టౌన్‌లో కొండ కింద సందుకు వెళ్లి మాంసం తెచ్చాను. నల్ల కవర్లో కట్టించి, ఆ కవరును సంచి అడుగున పెట్టి, పైన క్యాప్సికం, క్యారెట్, బీన్స్, ఉల్లికాడలు పేర్చాను. గేటు దగ్గరే పిన్నిగారు. "ఏం తెచ్చావయ్యా పైగదీ?" అంది. "క్యాప్సికమండి." "అన్ని క్యాప్సికాలు ఒక్కడివే తింటావా?" "మా అక్క వస్తందండి, పిన్నిగారూ." ఆవిడ సంచిలోకి చూసి ఒక క్యాప్సికం తీసుకుంది. (అడగలేదు. తీసుకుంది. అదీ గుర్తుంది.)

అక్క, బావ వచ్చేసరికి కిటికీకి దుప్పటి కట్టి, తలుపు కింద సందులో తడి తువ్వాలు కుక్కి సిద్ధంగా ఉన్నాను. "దొంగసారా కాస్తన్నావేంట్రా?" అన్నాడు బావ. అక్క మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని గదంతా చూసి, "కుక్కరేదిరా?" అంది. "ఇది కొత్త రకం అక్కా, కుక్కరు అక్కర్లేదు. పది నిమిషాలు" అన్నాను, ఆ వీడియో ఆవిడలాగే నవ్వుతూ.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ దేశంలో పశువు పచ్చికలో పడుకుని, పాట వింటూ పెరిగి ఉంటుంది. మనది మన డెల్టా దున్నపోతు. బతికినన్నాళ్లూ మోకాలి లోతు బురదలో పొలం దమ్ము చేసి, బండి లాగి, ముసలితనంలో మాంసం కొట్టుకు వచ్చింది. అది నా బాణలికి, నా పది నిమిషాలకు భయపడుతుందా? పైగా ఆ వీడియో ఆవిడ పలచగా ఆకుల్లా కోసింది. నా దగ్గరున్నవి కూర ముక్కలు, గోళీకాయలంతేసి. నూనె బాగా కాగాక ముక్కలు వేశాను, మిరపకాయలు వేశాను, సోయా సాస్ కుమ్మరించాను. భగ్గున మంట లేచింది. ఆ పొగకు దుప్పటి ఆగలేదు, తువ్వాలు ఆగలేదు. బావ దగ్గాడు, అక్క దగ్గింది, సందు చివర ఎవరో దగ్గారు. కూరగాయలు మాత్రం ఎంత చక్కగా వచ్చాయో! క్యారెట్ కరకరలాడింది, ఉల్లికాడ పచ్చగా మెరిసింది. ఈ సంగతి మా బావ కథలో ఏ రోజూ రాదు.

అక్కకు పళ్లెంలో పెట్టి ఇచ్చాను. ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమలడం మొదలుపెట్టింది. "ఎలా ఉందక్కా?" అన్నాను. "ఉండరా, నమలనీ" అంది. బావ కూడా ఒకటి వేసుకుని, దవడ అటూ ఇటూ మార్చి, నావైపు అదోలా చూశాడు. సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది. మోకాళ్ల నొప్పుల పిన్నిగారు, ఏనాడూ మెట్లెక్కని మనిషి, రొప్పుతూ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏం మాడ్చావయ్యా? వీధి వీధంతా దగ్గుతంది!"

"క్యాప్సికమండి, పిన్నిగారూ. మంటెక్కువైంది."

ఆవిడ అక్కవైపు తిరిగింది. "ఏం కూరమ్మాయ్?" అక్క నోరు ఖాళీ లేదు. తల ఊపి నములుతోంది. పిన్నిగారు చూస్తూ నిలబడింది. అక్క నములుతూనే ఉంది. "క్యాప్సికాన్ని ఇంతసేపు నములుతారా?" అంది పిన్నిగారు. బావ తన ముక్కను బుగ్గన పెట్టి, "జబ్బు మనిషండి, ఏదైనా నిదానంగానే తింటదండి" అన్నాడు. అక్కకు నవ్వొచ్చింది. నవ్వితే ముక్క బయటపడుతుంది. నోరు మూసుకుని, భుజాలు ఊగిపోతూ, కళ్లలోంచి నీళ్లు కారుతూ నమిలింది. జబ్బు చేశాక అది అలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. పిన్నిగారు దాని తల మీది స్కార్ఫు చూసింది, చేతి మీద సూది గుచ్చిన చోట్ల కమిలిన మచ్చలు చూసింది. "తినమ్మా, తిను" అని మెల్లగా మెట్లు దిగింది.

గండం గడిచిందనుకున్నాను. నెలాఖరున పిలిచి, "మా అమ్మాయి వస్తందయ్యా, పైగది కావాలి" అంది. ఖాళీ చేశాను. మరుసటి వారమే గేటుకు టు-లెట్ బోర్డు వేలాడింది. ఆ అమ్మాయి ఇవాళ్టికీ రాలేదు. నేను ఆ సందులోంచి వెళ్లినప్పుడల్లా కనుక్కుంటూనే ఉన్నాను.

మళ్లీ ఆ రోజుకే వస్తాను. "ఎలా ఉందే?" అని మళ్లీ అడిగాను. "నమలనీరా బాబూ, తొందరేంటి" అంది అక్క. ఇంతలో బస్సు వేళ అయింది. మిగిలిన వేపుడంతా తనే నా స్టీలు డబ్బాలో సర్దుకుని మూత పెట్టింది. "వద్దే, కుక్కకు కూడా కొరుకుడు పడదు" అన్నాడు బావ. "నా తమ్ముడు వండింది నేను తింటా, నీకేంటి" అంది. మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని ఆగి, కింద కుర్చీవైపు చూసి, చెవిలో అంది. "సొంతిల్లు కట్టుకున్నాక కుక్కరు పెట్టరా. పేటంతా వినపడాలి." అంటే దానికి అంతా తెలిసిపోయింది. నేనేమీ చెప్పలేదు, అది అడగలేదు. బస్టాండులో కిటికీ పక్కన కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకుంది. మూడోసారి అడిగాను. "బస్సులో నమిలి చెప్తాలే. ఇబ్రహీంపట్నం వచ్చేలోపు ఫోన్ చేస్తా" అంది. బస్సు కదిలింది.

ఫోన్ రాలేదు. రాత్రి బావ చేశాడు, చేరామన్నాడు. అక్కకు ఇవ్వమంటే, పడుకుందన్నాడు. ఆ తర్వాత దాన్ని తీసుకొచ్చింది బస్సులో కాదు. అప్పటికి అది మాట్లాడే స్థితిలో లేదు. అక్క జ్ఞాపకార్థ ప్రార్థన కూటం రోజున వాళ్ల వంటింట్లో నా డబ్బా కనిపించింది. శుభ్రంగా తోమి, బోర్లించి ఉంది. తోమిన డబ్బా ఏం చెబుతుంది? తిన్నా తోముతారు, పారేసినా తోముతారు.

అప్పటి నుంచీ అడుగుతున్నాను. బావ కథంతా చెబుతాడు, పొగ, దగ్గు, పిన్నిగారు, బుష్షులు, అన్నీ. అందరూ నవ్వుతారు. బస్సు కదిలేదాకా వచ్చి ఆపేస్తాడు. "బస్సెక్కాక ఏమైంది బావా?" అంటే చెయ్యి కడుక్కోవడానికి లేస్తాడు. ఒకసారి కుళాయి దగ్గరకూ వెనకే వెళ్లాను. చెయ్యి ఎప్పుడో శుభ్రమైపోయింది, ఆయన కడుగుతూనే ఉన్నాడు. "నీ డబ్బా తీసుకుపోరా" అన్నాడు, నావైపు తిరక్కుండా. జవాబు చెబితే తీసుకుపోతానన్నాను. ఆయన చెప్పలేదు, నేను తీసుకోలేదు.

ఇప్పుడు ఇబ్రహీంపట్నం అవతల నాకు చిన్న సొంతిల్లు ఉంది. ఆదివారం కిటికీలన్నీ తీసి కుక్కరు పెడతాను. "చాలు, గుజ్జయిపోద్ది" అని మా ఆవిడ అరుస్తుంది. "ఇంకొక్కటి" అంటాను. ఆ కూత వింటుంటే, దుప్పటి కట్టిన గదిలో తడి తువ్వాలు మీద కాలు వేసి నిలబడి, బాణలి ఎగరేయబోయి సగం ముక్కలు పొయ్యి మీద పోసుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడు బెదిరిపోయి ఉన్నాడు గానీ, వాడి మొహంలో ఎంత నమ్మకమో! పది నిమిషాల్లో తన అక్కకు నోరు తిరిగొస్తుందని నమ్మాడు వాడు. ఎప్పుడైనా మా ఆవిడ ఊళ్లో లేనప్పుడు ఆ వేపుడే మళ్లీ వండుకుంటాను, అదే గోళీకాయల ముక్కలతో, ఉడకబెట్టకుండా. దవడలు నొప్పి పుట్టేదాకా నములుతాను. ఎలా ఉందో నాకూ తేలలేదు.

బావా, ఇది నీదాకా వస్తుంది. ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. పెళ్లిలో కాదు, పదిమందిలో కాదు, చెయ్యి కడుక్కోవాల్సిన పని లేని చోట కూర్చుని చెప్పు. ఆ బస్సులో అక్క పక్కన కూర్చున్నది నువ్వు. డబ్బా మూత తీసిందా? ఒక్క ముక్కన్నా నమిలిందా? నమిలి ఏమంది? డబ్బా నీ దగ్గరే ఉంచుకో. బాగాలేదన్నా సరే, పడతాను. చెప్పు.