గుడ్డ కట్టిన ఆనపకాయ

భిలాయి సెక్టర్ 7లో సులోచన వాళ్ల క్వార్టరు వెనక నేల గునపానికి కూడా లొంగని ఎర్ర మొరం. అందుకే ఆమె భర్త కొర్నేలి విరిగిన ఇటుకలు సైకిలు మీద మోసుకొచ్చి మోకాలెత్తున రెండు మడులు కట్టాడు. చెరువు మట్టి, పేడ, ఎండుటాకులు కలిపి నింపాడు. ఏ పక్క నిలబడినా మడి మధ్యకు చెయ్యి అందాలి. లోపల కాలు పెట్టకూడదు. తొక్కితే ఆ మట్టీ మొరంలాగే బిగుసుకుపోతుంది. ఆసుపత్రిలో ఆయా పని చేసి వచ్చిన సులోచనకు ఆ ఇటుకల మీద కూర్చుని కలుపు తీయడమే విశ్రాంతి. దాన్ని విశ్రాంతి అనుకోవాలంటే మనిషి ఎంత అలిసిపోయి ఉండాలి.

కొర్నేలి ఉక్కు కర్మాగారంలో రిటైరయ్యాడు. కొలిమి దగ్గర ఒళ్లు కాల్చుకున్నన్నాళ్లే క్వార్టరు మనది. క్రిస్మస్‌లోగా ఖాళీ చేసి పవర్ హౌస్ దగ్గర మేడ మీది అద్దె గదులకు పోవాలి. మడులు వెంట రావు. ఇన్నేళ్లు సాకిన మట్టి ఎవరి పాలో అవుతుంది. సులోచన దానికి ఏడవలేదు. ఆమె పట్టుకుపోదామనుకున్నవి ఆనప గింజలు మాత్రమే. పెళ్లయిన ఏడు, సోంపేట దగ్గరి పుట్టింట్లో తల్లి ఆమె కొంగున కట్టిన గింజలవి. ఏటా ఒక కాయను ముదరబెట్టి దాచుకుంటూ వచ్చింది. కిందటేడు దాచినవాటికి పురుగు పట్టింది. మిగిలినవి పెడితే ఒక్క తీగ లేచింది. కోతులు తినగా ఒక్క కాయ నిలిచింది. తీగ అప్పుడే ఎండుముఖం పట్టింది, ఇక పిందె వేయదు. ఎవరూ కొయ్యకుండా ఆ కాయ తొడిమకు పాత చీర పేలిక కట్టింది.

ఆ పొద్దున్న డ్యూటీకి పోతూ, వంటింట్లో మిక్సీ వేస్తున్న కోడలు జెన్నీకి గుమ్మంలోంచే చెప్పింది.

"గుడ్డ కట్టిన కాయ ఒగ్గెయ్యే."

జెన్నీ భిలాయిలోనే పుట్టింది. కన్నతండ్రితోనూ హిందీయే. తెలుగంతా చర్చి పాటల్లో నేర్చుకున్నది. ఆ పాటల్లో విడిచిపెట్టడం ఉంది గాని ఒగ్గెయ్యడం లేదు. మిక్సీ రొదలో ఆమెకు వినబడింది వండెయ్యమని. అత్త గుర్తు కూడా కట్టి చెప్పిందని మురిసిపోయి, కాయ కోసి, పాలు పోసి కూర వండింది.

సాయంత్రం సులోచన పెరట్లోకి వెళ్లేసరికి, ఉతికిన పేలిక ఇటుకల మీద ఆరుతోంది. తొక్కలూ తెల్లటి గింజలూ ఎరువుగా మడిలో పడున్నాయి. ఒక గింజ తీసి గోటితో నొక్కింది. నీరు చిమ్మింది, మొలిచే గింజ కాదు.

జెన్నీ వెనకే వచ్చింది. ఒగ్గెయ్యడమంటే ఏమిటో సులోచన నెమ్మదిగా చెప్పింది. జెన్నీ ముఖం పాలిపోయింది.

"తెలుగులో చెప్పొచ్చు కదా అత్తా."

"మరి నాను సెప్పిందేటే, ఒరియానా?"

రేపు బజారు నుంచి బీజ్ ప్యాకెట్ తెస్తానని జెన్నీ గొణిగింది. సులోచన సరే అంది.

రాత్రి భోజనాల దగ్గర, ఏమీ తెలియని కొర్నేలి కూర మెచ్చుకున్నాడు. ఇంత లేత కాయ తిని ఎన్నాళ్లయిందో అంటూ మారు అడిగాడు. గరిట పట్టుకున్న జెన్నీ తలెత్తలేదు. చెబితే ఆయన కోడల్ని తిడతాడు, ఆ పిల్ల ఏడుస్తుంది, షిఫ్టు దిగి వచ్చిన కొడుకు అలుగుతాడు. అందర్నీ మళ్లీ తనే సముదాయించాలి. అంత ఓపిక సులోచనకు లేదు. గరిట అందుకుని ఆయనకు వడ్డించి, మిగిలింది తన కంచంలో వేసుకుంది.

కూర నిజంగానే బాగుంది. ఆమెకు మింగుడుపడనిది అదే.

"ఉప్పు సరిగ్గానే ఉన్నాది, కూకో, నువ్వూ తిను" అంది కోడలితో.