నూనె రాసుకున్న చేతులు

మా మాస్టారు పోయారని వాళ్ళావిడే ఫోన్ చేసి చెప్పారు. ఏడవలేదు. "దినానికి రామ్మా. ఆయన అంత దూరంలో ఏటి సేసేవోరో నీకే తెలుసు. వొచ్చి నాకు సెప్పాల" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, పని సంగతి బయట చెప్పనని నేనూ సంతకం పెట్టిన మనిషినేనని.

సైన్యానికి కావలసిన ప్రోగ్రాములు రాసే ఆఫీసు మాది. తొంభైల చివర్లో నేను చేరినప్పుడు మాకు శిక్షణ ఇచ్చింది ఆయనే. ఉపన్యాసాలు ఉండేవి కావు. మా చేత రాయించి, శత్రువులా వచ్చి మా కళ్ళముందే దాన్ని పడగొట్టేవారు. మొదటి రోజే నా వంతు వచ్చింది. సందేశం అందుకునే చిన్న ప్రోగ్రాం. ఎనభై అక్షరాలకు చోటిచ్చి మహా గొప్పగా కూర్చున్నాను. ఆయన ఒక మీట మీద వేలు పెట్టి అలాగే నొక్కి ఉంచారు. ఎనభై దాటాక తెర బిగుసుకుపోయింది. గదంతా నవ్వులు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంత పొడుగు సందేశం ఎవరు పంపిస్తారండీ?" అన్నాను.

"శత్రువు నీ కొలత సూసి రాత్తాడేటి?"

ఆ యాస వినగానే కోపం ఎటు పోయిందో! మాది పలాస అని చెప్పాను. ఆయనది నందిగాం దగ్గర పల్లె.

"మీ అమ్మ ఏటి సేత్తాది?"

"జీడిపిక్కలు కొడతాదండీ."

"సేతులకేటి రాసుకుంటాది?"

"నూనె. లేకపోతే తొక్కలోని జీడిసొన అంటి చెయ్యి కాలిపోద్ది."

"మరి బయట్నించొచ్చిన సరుకు నువ్వెందుకు వట్టి సేతుల్తో ముట్టుకున్నావు?"

ఆ తర్వాత ఏది వచ్చినా ఎంత పొడవుందో, అందులో ఏముందో చూడకుండా లోపలికి రానివ్వలేదు నేను.

మధ్యాహ్నాలు సీట్లు మార్పించేవారు. పక్కవాళ్ళ ప్రోగ్రాంలో తప్పు పట్టి కాగితం మీద రాసివ్వాలి. పెన్సిళ్ళు ఆయనే చెక్కి ఇచ్చేవారు. ఒకసారి స్నేహితురాలు తిట్లు తింటుందని, తప్పు కనబడ్డా 'ఏమీ లేవు' అని రాసిచ్చాను. "నీ మొగమాటానికి సరిహద్దులో కూకున్నోడు సచ్చిపోవాలా?" అన్నారు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు ఎండుచేపల కూర గిన్నె నా ముందుకు తోసి "తిను" అన్నారు. కూరలో ఉప్పు ఎక్కువైంది. అయినా గిన్నె ఖాళీ చేశాను.

వాళ్ళావిడ ఊళ్ళో జీడితోట చూసుకుంటుంటే, ఆయన క్వార్టర్లో ఒక్కరే వండుకు తినేవారు. ఏం చేస్తావని ఊళ్ళో అడిగితే "కంప్యూటర్లు బాగుసేత్తాను" అనేవారట. నేనూ మా అమ్మకి అదే చెప్పాను. అలా దాచుకున్న బతుకులో, దాచనక్కర్లేని మనిషి నాకు ఆయనొక్కరే. ఇప్పుడు ఆయనా లేరు. ఆఫీసులో ఎంతమంది ఉన్నా ఒంటరిగా ఉంది, బాగా ఒంటరిగా ఉంది.

దినానికి వెళ్ళాను. భోజనాలయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక ఆవిడ రేకుపెట్టె తెరిచి ఆయన రాసిన ఉత్తరాలు నా ఒళ్ళో పెట్టారు.

"సూడమ్మా, అన్నింట్లోనూ వానే. అక్కడ పడిందంట, ఇక్కడ పడిందా అంట. పాతికేళ్ళూ వానే రాసినారు. ఇప్పుడైనా సెప్పు, ఏటి సేసేవోరు?"

ఏదో ఒక అబద్ధం చెప్పేద్దామనుకున్నాను. ఆ ఉత్తరాలు పట్టుకుని అబద్ధం ఆడలేకపోయాను. అప్పుడు ఆవిడ వేళ్ళు చూశాను. జీడి మచ్చలు, మా అమ్మకున్నట్టే.

"అమ్మా, వట్టి సేతుల్తో పిక్కలు ముట్టుకోకుండా, మాలాంటోళ్ళకి ముందు నూనె రాసుకోడం నేర్పేవోరు. ఇంతకంటే సెప్పలేను" అన్నాను.

ఆవిడ రెండు అరచేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, వాటినే చూస్తూ అన్నారు.

"పెళ్ళైన కొత్తలో నాకూ నూనె ఆయనే రాసేవోరు."