అమ్మ విన్న ‘భర్తీ’

చపాతీలు చుట్టే ఫాయిల్ ఎవరు తినేస్తున్నారని అమ్మ విసుక్కున్న రోజు నేను తమ్ముడు కిరణ్ ముఖం చూశాను. ముక్కు కారుతోంది, ఆవలింతలు ఆగడం లేదు. జలుబన్నాడు. జలుబైతే కాళ్లు లాగుతున్నాయని గోడను తంతారా?

కొన్నాళ్లకు బర్మామైన్స్‌లో రైలు పట్టాల పక్కన పోలీసులకు దొరికాడు. బ్రౌన్ షుగర్, ఫాయిల్ మీద కాల్చి పొగ పీల్చే మత్తుమందు. వాడి దగ్గర కాలిన ఫాయిల్ ముక్క తప్ప ఏమీ లేదు. ఏఎస్ఐ సింగ్ గారు వాణ్ణి ఇంటికి తెచ్చి అమ్మతో, “బీమార్ హై. భర్తీ కరా దీజియే” అన్నారట. రోగి, ఆసుపత్రిలో చేర్పించమని. ఈ హిందీ ఊరికొచ్చి ఇన్నేళ్లయినా అమ్మ హిందీ కూరగాయల బండి దగ్గరే ఆగిపోయింది. ఆవిడకు భర్తీ అంటే పోస్టుల భర్తీ.

నేను బిష్టుపూర్‌లో షాపు డ్యూటీ ముగించుకుని వచ్చేసరికి అమ్మ ముఖం వెలిగిపోతోంది. “పోలీసోలు మనోడికి ఉద్యోగమిత్తన్నారే.”

కిరణ్ నాకు అసలు సంగతి చెప్పాడు. అమ్మకు చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు. మర్నాడు మేం క్లినిక్‌కి బయల్దేరితే, ఉద్యోగానికి డాక్టరు పరీక్ష అనుకుని అమ్మ వాడికి బొట్టు పెట్టి, మాతో తనూ బయల్దేరింది.

క్లినిక్‌లో యూరిన్ టెస్ట్ చూసి డాక్టర్, “భర్తీ కీ జరూరత్ నహీ. ఘర్ సే ఇలాజ్ హోగా” అన్నారు. చేర్పించక్కర్లేదు, ఇంటి నుంచే వైద్యమని.

అమ్మ కళ్లలో నీళ్లు. “ఇంతదూరం వచ్చాక లేదంతాడేటే? మనోడికి పొడుగు సాలదా?”

కిరణ్ అంత నీరసంలోనూ నవ్వాడు. అప్పుడు తెలుగులో అంతా చెప్పాను. అమ్మ, “జబ్బయితే జబ్బనే సెప్పాల గదే” అంది.

మత్తు మానేస్తే వచ్చే విత్‌డ్రాయల్ నరకం. వాంతులు, ఒళ్లు నొప్పులు. రోజూ పొద్దున క్లినిక్‌లో నర్సు ఎదుట నాలుక కింద, మత్తు మీద యావ తగ్గించే బ్యుప్రెనార్ఫిన్ మాత్ర. క్లినిక్ ముందు జీపు ఆపనని సింగ్ గారు మాటిచ్చారు, జీపు కనబడితే పేషెంట్లు పారిపోతారని. మామూలు బట్టల్లో మా గల్లీ చివర టీ కొట్టుకు వచ్చి, కిరణ్‌తో కబుర్లాడి వెళ్లేవారు. పట్టాల దగ్గర అమ్మేవాళ్లను మాత్రం వదల్లేదు.

వర్షాల్లో కిరణ్ క్లినిక్ ఎగ్గొట్టాడు. ఫాయిల్ మళ్లీ మాయమైంది. ఈసారి లాకప్పేననుకున్నాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. అమ్మ వినకుండా టీ కొట్టుకు వెళ్లి సింగ్ గారితో, “సాబ్, లడకా ఫిర్ బీమార్” అంది, పిల్లాడికి మళ్లీ జబ్బని.

సింగ్ గారు వాణ్ణి బైకెక్కించుకుని తిన్నగా క్లినిక్‌కే తీసుకెళ్లారు. “రిలాప్స్, జబ్బు తిరగబెట్టింది. డోస్ పెంచుదాం, రావడం మానకు” అన్నారు డాక్టర్.

ఇప్పుడు కిరణ్ మాత్ర వేసుకుని కాంట్రాక్టు డ్యూటీకి వెళ్తున్నాడు. చపాతీలు గుడ్డలో చుడుతున్నాం.

నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ ఏమన్నా, పోలీసు ఏమన్నా, ఇంట్లో పెద్దవాళ్లకు ఆ రోజే, వాళ్ల భాషలో చెప్పేయండి. మా ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది అమ్మకే. పోలీసు దగ్గరికి నడిచి వెళ్లిందీ అమ్మే.