ఫ్లెక్సీలో ఉన్నది నేను కాదు

ఉద్యోగం రానివాడు వచ్చిందని కోతలు కోయడం లోకంలో ఉన్నదే. వచ్చినవాడు రాలేదని ఒట్టు పెట్టడం మాత్రం మా జగదీశ్వర్ దగ్గరే చూశాను. అశోక్‌నగర్‌లో ఇన్నేళ్లుగా హాస్టల్ నడుపుతున్నాను, ఈ రకం నా బుర్రకు అందలేదు.

2012లో గ్రూప్స్ ఫలితాలొచ్చాయి. చిక్కడపల్లిలో కోచింగ్ సెంటరు వాళ్లు కట్టిన ఫ్లెక్సీలో మావాడి మొహం గుమ్మడికాయంత ఉంది. ఆనందం పట్టలేక పరుగెత్తుకొచ్చాను.

"దావత్ ఎప్పుడయ్యా?"

"ఎందుకు సార్?"

"ఫ్లెక్సీల నీ ఫొటో ఉన్నది!"

"గాయన నేను కాదు సార్. గాయన జర తెల్లగున్నడు."

నిజమే, ఫ్లెక్సీలో అందరూ తెల్లగానే ఉంటారు. మళ్లీ వెళ్లి చూసొచ్చాను.

"పేరు కూడ నీదే కదయ్యా!"

"జగదీశ్వర్‌లు శానమంది ఉంటరు సార్."

"మరి ఊరు?"

"మా ఊర్ల ఇంకొకడున్నడు."

కోచింగ్ సెంటరు వాళ్లు సన్మానానికి శాలువాతో వస్తే వాళ్లకూ ఇదే పాట. పాపం, తికమకపడి శాలువా వాపసు పట్టుకుపోయారు. వీడు పాసయ్యాడా, నాకే మతి పోయిందా? రామ రామ!

ఈలోగా వాడి రూమ్మేట్ ప్రేమ్‌సాగర్ పెట్టె సర్దుతున్నాడని తెలిసింది. ఇద్దరూ కలిసే చదివారు, ఇతనికి రాలేదు. ఫలితాలొచ్చినప్పటి నుంచి మెట్లు దిగడం లేదు. జగదీశ్వరే అన్నం పైకి మోస్తున్నాడు. నెలలో ఇంకో పరీక్ష పెట్టుకుని ఇదేం పని అని వెళ్లి నిలదీశాను.

"ఏం జెయ్యాలె సార్? కిందికి దిగితే ఒకటే అడుగుడు, 'నీ దోస్తుకొచ్చింది, నీకేమైంది' అని. నన్నెవ్వరు అడుగొద్దని వాడు తనకు సుత రాలేదని చెప్పుకుంట తిరుగుతుండు. నౌకరిల చేరే దినం దగ్గర పడ్డది. నా పరీక్ష అయ్యేదాక పోడంట. పిచ్చోడు సార్!"

"ఆ పిచ్చోని నౌకరి పోగొడ్తవా ఏంది?" అని కసిరి పెట్టె పక్కకు నెట్టాను.

ఆ మధ్యాహ్నం ప్రేమ్‌సాగర్ మెస్సులోకి దిగాడు. నిండా జనం.

"ఇనుండ్రి! నాకు రాలే. వీనికొచ్చింది. దావత్ ఎగ్గొడ్తుండు, ఇడవకుండ్రి!"

"అబద్ధం! వీని మాట నమ్మకుండ్రి!" అని జగదీశ్వర్ లేచాడు. అప్పటికే నలుగురు వాణ్ని భుజాల మీదికి ఎత్తేశారు. పైనుంచి కూడా "నేను కాదన్నా!" అంటూనే ఉన్నాడు.

ప్రేమ్‌సాగర్ వాడి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇంత అన్నం పెట్టుండ్రి సార్. తిని చదువుకోవాలె."