ఫిల్టరు చప్పుడు

మా ఇంట్లో కాఫీకి ఒక వరస ఉండేది. ఫిల్టరులో దిగిన మొదటి డికాషన్ మా అత్తగారికీ మగవాళ్ళకీ. అదే పొడి మీద మళ్ళీ వేడినీళ్ళు పోస్తే దిగేది కోడళ్ళకు. కోడళ్ళమంటే ఇద్దరమే, నేనూ మా తోటికోడలూ. ఆమెను నేను అక్కయ్య అంటాను. కొవ్వూరులో ఈ ఇంటికి నాకన్నా ఆరేళ్ళు ముందు వచ్చింది. ఆ రెండో డికాషన్‌తో పాలకు రంగు కూడా మారేది కాదు. "కాఫీని పాలకి చూపించి తీసేసినట్టుందే" అనేది అక్కయ్య, అత్తగారికి వినబడకుండా.

అత్తగారు తొంభై దాటి బతికారు. ఆవిడ పోయాకే మొదటి డికాషన్ అక్కయ్య వంతుకు వచ్చింది, అరవై ఎనిమిదేళ్ళ వయసులో. పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చుని, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగేది. ఆ దర్జా రెండేళ్ళు కూడా నిలవలేదు. మెట్టెక్కితే ఆయాసం, పాదాలకు వాపు. ఆమె కొడుకు మా ఇద్దరినీ వంతెన దాటించి రాజమండ్రిలో గుండె డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాడు. గుండె పంపింగ్ తక్కువగా ఉందన్నారు ఆయన, కొట్టుకోవడం కూడా తిన్నగా లేదన్నారు. ఉప్పు తగ్గించమన్నారు. నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు. కాఫీ అసలు వద్దన్నారు.

ఉప్పు దగ్గర నోరెత్తని మనిషి కాఫీ దగ్గర ఎత్తింది.

"పూర్తిగానా అండి?"

"ఉండలేకపోతే ఉత్త చికోరీ కలుపుకోండమ్మా. రుచి కాస్త అలాగే ఉంటుంది, కెఫీన్ ఉండదు. అదీ చిన్న గ్లాసుడే."

తిరిగొచ్చే దారిలో కాఫీపొడి మిల్లు దగ్గర నేనొక్కదాన్నే దిగాను. చికోరీ ఎన్ని పాళ్ళు కలపాలి అన్నాడు మిల్లతను. కాఫీ వద్దు, చికోరీ ఒక్కటే కావాలన్నాను.

"ఎక్కువేశావని నాతో దెబ్బలాడేవాళ్ళేగానండి, కావాలని అడిగింది మీరొక్కరే" అని నవ్వాడు. "ఇది ఓ మొక్క వేరండి, వేయించి ఆడించింది. నీళ్ళు తగిలితే ముద్దైపోద్ది. ఫిల్టరు దిగదు, తడుతూ ఉండాలి."

అతను చెప్పింది నిజం. చెంచాతో ఫిల్టరుకు నాలుగు పక్కలా కొడితేగానీ చుక్క దిగేది కాదు. మాడిన బెల్లం వాసన. రంగు మాత్రం మా అత్తగారు తాగిన డికాషన్‌కన్నా నలుపు. హాల్లో మంచం మీది నుంచి అక్కయ్య కేకేసేది.

"ఏమే, ఏ జన్మ పగే ఆ ఫిల్టరు మీద?"

"నీ కాఫీ మొండిదక్కయ్యా. నీలాగే."

"దాన్ని కాఫీ అనకు. పైనుంచి అత్తగారు దిగొస్తారు."

తాగడం అయ్యాక, "నా వాటాకి మళ్ళీ రెండో డికాషనే వచ్చింది" అనేది. అయినా గ్లాసు అడుగున చుక్క మిగిల్చేది కాదు. పథ్యం గట్టిగా చేస్తే వాపు తీస్తుంది, వాపు తీస్తే అరుగు మెట్లెక్కుతుంది, అప్పుడు డాక్టరుగారిని అడిగి అసలు కాఫీ తాగుతుంది. ఆమె అనుకున్నది అది. చికోరీ తాగినన్నాళ్ళూ తగ్గేదారిలోనే ఉన్నానని ఆమె నమ్మకం. వాసనకి ఆమె మనసు లాగుతుందని ఇంట్లో అందరం టీకి మారాం.

వాపు తీయలేదు. పాదాల నుంచి మోకాళ్ళకు ఎక్కింది. మళ్ళీ రాజమండ్రి వెళితే, డాక్టరుగారు ఆమెను చక్రాల కుర్చీలో బయటికి పంపించి, నన్నూ ఆమె కొడుకునీ ఉండమన్నారు. మందులు ఇక పనిచేయడం లేదన్నారు.

"పథ్యాలు పెట్టి బాధపెట్టకండమ్మా ఇంక. ఆవిడకు ఏది ఇష్టమైతే అది పెట్టండి."

"కాఫీ కూడానా అండి?"

"కాఫీ కూడా."

ఆమె కొడుకు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. బయట అక్కయ్య నా ముఖం వెతికింది. "ఏమన్నారే?" అంటే, మందులు మార్చారన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెతో నేనాడిన అబద్ధం అదొక్కటే అనుకుంటాను.

దారిలో మిల్లు దగ్గర నేనొక్కదాన్నే దిగి మంచి పొడి తీసుకున్నాను, చికోరీ కలపనిది. మర్నాడు పొద్దున్నే ఫిల్టరులో వేసి నీళ్ళు పోశాను. దానంతట అదే దిగింది. చిక్కని పాలు పోసి, స్టీలు గ్లాసు నిండా పట్టుకెళ్ళాను. ఆమెకు సంతోషం కలుగుతుందనే అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

అక్కయ్య గ్లాసు చూడలేదు. నన్ను చూసింది.

"ఇవాళ ఫిల్టరు కొట్టలేదేం?"

గ్లాసు ఇంకాస్త ముందుకు చాపాను.

"కాఫీ తాగొచ్చన్నారా?"

"అన్నారక్కయ్యా."

దుప్పటి పక్కకి లాగి, వాచిన తన కాలి మీద బొటనవేలితో నొక్కి చూసుకుంది. పడ్డ గుంట అలాగే ఉండిపోయింది. ఇద్దరం దాన్నే చూశాం. తర్వాత గ్లాసు అందుకుని రెండు చేతులతో పట్టుకుంది. మీద మీగడ కట్టేదాకా పట్టుకునే ఉంది. పెదవికి తగలనివ్వలేదు.

"నువ్వు తాగు. రేపటినుంచి నాది నాకు పెట్టు."

"ఇష్టమైంది పెట్టమన్నారక్కయ్యా."

"అందుకే."

మర్నాడు చికోరీ వేశాను. చెంచా తీసి కొడుతుంటే హాల్లోంచి, "గట్టిగా కొట్టవే" అంది. గొంతు సగమే వచ్చింది.

ఆ తర్వాత అక్కయ్య పదకొండు రోజులు ఉంది. చివరి రెండు రోజులూ గ్లాసు లేదు, దూదితో పెదాలు తడపడమే. ఆ రెండు రోజులూ ఫిల్టరులో చికోరీ వేసి, ఆమెకు వినబడాలని కొడుతూనే ఉన్నాను.